ఆనర్స్ మ్యాథ్‌లో 91 ఎందుకు 85 అవుతుంది?

స్కూల్ పోర్టల్ తెరిస్తే హోంవర్క్ 100, క్విజ్‌లు 92, టెస్టులు 81 అని కనిపిస్తాయి. మూడూ కూడి మూడుతో భాగిస్తే 91. కోర్సు పేరు ఎదురుగా మాత్రం 85, పక్కన ‘బి’ అని ఉంటుంది. అమెరికాలో హైస్కూలు పిల్లలున్న తెలుగు ఇళ్లలో చాలా వాదనలు ఇక్కడే మొదలవుతాయి. ‘టీచర్ లెక్క తప్పు వేసినట్టుంది, ఒక మెయిల్ పెట్టమ్మా’ అంటాడు తండ్రి. ‘తప్పేం లేదు నాన్నా, అది వెయిటెడ్’ అని కూతురు లేచి వెళ్లిపోతుంది. కూతురి మాటే నిజం. కానీ ఆ ఒక్క ముక్క వెనక, మామూలు క్లాసు కంటే వేగంగా, లోతుగా సాగే ఆనర్స్ మ్యాథ్ కోర్సు నడిచే తీరంతా ఉంది. ఇంటర్ ఎంపీసీ చదివి వచ్చినవాళ్లకు ఆ తీరు పైకి తెలిసినట్టే ఉంటుంది, లోపల మాత్రం చాలా వేరు.

ముందు ఆ 85 సంగతి చూద్దాం. చాలా స్కూళ్లలో మార్కులన్నిటినీ కలిపి ఒకే సగటు తీయరు. ఒక్కో రకం పనికి ఒక్కో వాటా ఉంటుంది. టెస్టులకు 70 శాతం, క్విజ్‌లకు 20, హోంవర్క్‌కు 10 అనుకుందాం. ఈ పంపకం స్కూలును బట్టి, ఒక్కోసారి టీచర్‌ను బట్టి మారుతుంది. ఆనర్స్ మ్యాథ్‌లో టెస్టుల వాటా పెద్దదిగా ఉండటం మాత్రం మామూలే. 81లో 70 శాతం 56.7, 92లో 20 శాతం 18.4, హోంవర్క్ నుంచి 10. మొత్తం 85.1. పోర్టల్ సరిగ్గానే చూపిస్తోంది.

ఇదే లెక్కను వెనక్కి తిప్పి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. ఇక్కడ 80 నుంచి ‘బి’, 90 నుంచి ‘ఏ’ అనుకుందాం. ఆ 90 రావాలంటే ఏం కావాలి? హోంవర్క్, క్విజ్‌లు కలిపి ఇచ్చేది 28.4. మిగిలిన 61.6 టెస్టుల నుంచే రావాలి, అంటే టెస్టుల సగటు 88 ఉండాలి. హోంవర్క్ గిన్నె ఇప్పటికే నిండిపోయింది. రోజూ ఇంకో గంట కూర్చోబెట్టి అదే హోంవర్క్ మళ్లీ చేయించినా గ్రేడ్ ఒక్క పాయింటు కూడా కదలదు. చాలా ఇళ్లలో ఒత్తిడి పెట్టేది మాత్రం సరిగ్గా అక్కడే, ఎందుకంటే కళ్ల ముందు కనిపించేది హోంవర్కే.

ఆ 100 అనే అంకెను కూడా జాగ్రత్తగా చదవాలి. ఇప్పుడు హోంవర్క్ చాలావరకు ఆన్‌లైన్‌లో ఉంటుంది. జవాబు తప్పైతే వెంటనే ఎర్రగా చూపిస్తుంది, మళ్లీ ప్రయత్నించనిస్తుంది, కొన్నిచోట్ల పక్కనే ఒక నమూనా లెక్క కూడా చేసి పెడుతుంది. మూడోసారో నాలుగోసారో పచ్చ టిక్కు పడుతుంది. పిల్లలు నేర్చుకోవడానికి అది మంచి పద్ధతే. కాకపోతే ఆ 100 చెప్పేది పని పూర్తయిందని మాత్రమే. ఎవరి సాయమూ లేకుండా, గడియారం చూసుకుంటూ ఆ లెక్క చేయగలరో లేదో చెప్పేది 81.

అసలు ఆనర్స్ అంటే ఏమిటి? అమెరికా హైస్కూల్లో మ్యాథ్ ఒక వరుసలో నడుస్తుంది: ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాల్క్యులస్, ఆ తర్వాత కాల్క్యులస్. కొన్ని స్కూల్ డిస్ట్రిక్టుల్లో (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే జిల్లాల్లో) మొదటి మూడింటినీ కలగలిపి ఇంటిగ్రేటెడ్ మ్యాథ్ అని చెబుతారు. ఈ వరుసలో చాలా మెట్లకు మామూలు కోర్సు ఒకటి, ఆనర్స్ కోర్సు ఒకటి ఉంటాయి. ఆల్జీబ్రా 2లో ఏ పాఠాలు ఉండాలో రాష్ట్ర ప్రమాణాలు చెబుతాయి. ఆనర్స్ అనే మాటకు మాత్రం దేశమంతటికీ వర్తించే నిర్వచనం ఎక్కడా లేదు. ఇంటర్ బోర్డు లాంటిది పైన ఉండి సిలబస్ ఇచ్చి, పేపర్ తయారు చేసి, దిద్దించే ఏర్పాటు ఇక్కడ లేదు. స్కూల్ డిస్ట్రిక్ట్ ఏదంటే అదే ఆనర్స్. అందుకే ఉద్యోగం మారి ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్లిన కుటుంబాలకు, కోర్సు పేరు అదే అయినా పుస్తకం, వేగం, పరీక్షల కష్టం అన్నీ కొత్తగా ఉంటాయి. ఆ పిల్లలు మొదటి రెండు నెలలు తడబడటంలో వాళ్ల తప్పేమీ లేదు.

జాతీయ స్థాయిలో ఒకే పరీక్ష ఉన్నది అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులకు, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులకు. కాల్క్యులస్ ఎబి, బిసి అనేవి ఆ కోవలోవి. మే నెలలో కాలేజ్ బోర్డ్ పెట్టే పరీక్షలో 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తారు. 2023లో ప్రీకాల్క్యులస్ కూడా ఆ జాబితాలో చేరింది. ఆ స్కోరు వేరు, స్కూలు ఇచ్చే గ్రేడ్ వేరు. క్లాసులో బి వచ్చి పరీక్షలో 5 తెచ్చుకునే పిల్లలూ ఉంటారు, క్లాసులో ‘ఏ’ ఉండి 3 దగ్గర ఆగిపోయేవాళ్లూ ఉంటారు. ఆనర్స్ జామెట్రీకి, ఆనర్స్ ఆల్జీబ్రా 2కి అలా దేశమంతటా ఒకేలా సరిచూసే తూకం లేదు. పాఠం చెప్పేదీ, పేపర్ తయారు చేసేదీ, దిద్దేదీ చాలావరకు ఆ స్కూలు టీచర్లే.

ఆ దిద్దడం ఎలా ఉంటుందో ఒక్క లెక్క తీసుకుని దగ్గరగా చూడొచ్చు. ఆల్జీబ్రా 2లో తప్పకుండా వచ్చే రకం ఇది:

√(2ఎక్స్ + 3) = ఎక్స్

రెండు వైపులా వర్గం చేస్తే 2ఎక్స్ + 3 = ఎక్స్² వస్తుంది. అన్నీ ఒకవైపు తెస్తే ఎక్స్² − 2ఎక్స్ − 3 = 0. కారణాంకాలుగా విడగొడితే ఎక్స్ విలువలు 3, −1. ఇక్కడ పెన్ను కింద పెట్టేసిన పిల్లలకు పూర్తి మార్కులు రావు. −1ని మొదటి సమీకరణంలో పెట్టి చూస్తే ఎడమవైపు 1 వస్తుంది, కుడివైపు −1 ఉంటుంది. అంటే −1 జవాబు కాదు. వర్గం చేసినప్పుడు 1కీ −1కీ తేడా చెరిగిపోతుంది కాబట్టి, లేని జవాబు ఒకటి మధ్యలో వచ్చి చేరింది. జవాబు 3 ఒక్కటే.

ఐదు పాయింట్ల ప్రశ్న అయితే వర్గం చేసినందుకు ఒకటి, సమీకరణం సర్దినందుకు ఒకటి, విడగొట్టినందుకు ఒకటి, సరిచూసినందుకు ఒకటి, −1 ఎందుకు పనికిరాదో ఒక వాక్యం రాసినందుకు ఒకటి, ఇలా పంచవచ్చు. ‘ఎక్స్ = 3’ అని మాత్రమే రాసిన కాగితానికి ఒక్క పాయింటు వచ్చినా ఆశ్చర్యం లేదు. ఇంట్లో వినిపించే ‘ఆన్సర్ కరెక్టే కదా, మార్కులు ఎందుకు పోయాయి?’ అనే ప్రశ్నకు జవాబు ఇదే. నిజానికి ఇది తెలుగువాళ్లకు కొత్త కాదు. మన స్టెప్ మార్కులే ఇవి. తేడా ఎక్కడంటే, ఇంటర్‌లో స్టెప్పులు ఒక పద్ధతి ప్రకారం వరుసగా ఉంటే చాలు. ఇక్కడ ఆఖరి స్టెప్పు కారణం అడుగుతుంది. కారణాన్ని మాటల్లో రాయాలి.

ఇంతవరకు మామూలు క్లాసులో కూడా అడుగుతారు. ఆనర్స్ టెస్టులో ఇదే లెక్క ఇంకో మెట్టు ఎక్కుతుంది. 3 తీసేసి అక్కడ ‘కె’ పెడతారు. కె ఏయే విలువలకు ఈ సమీకరణానికి రెండు జవాబులు ఉంటాయి అని అడుగుతారు. సూత్రంలో వేసి తీయడానికి చేతిలో అంకె లేదు. ఎక్స్² − 2ఎక్స్ − కె = 0కి రెండు వేర్వేరు మూలాలు ఉండాలంటే కె −1 కంటే ఎక్కువ ఉండాలి. వర్గమూలం ఎప్పుడూ రుణ సంఖ్య కాదు కాబట్టి రెండు మూలాలూ సున్నా గానీ అంతకంటే ఎక్కువ గానీ కావాలి. మూలాల లబ్ధం −కె. అది రుణ సంఖ్య కాకూడదంటే కె సున్నాను మించకూడదు. కాబట్టి కె −1 కంటే ఎక్కువ, 0 వరకు. హోంవర్క్‌లో ఇరవై సార్లు √(2ఎక్స్ + 3) లాంటివి చేసి 100 తెచ్చుకున్న పిల్లలు ఈ ప్రశ్న ముందు ఆగిపోతారు. వాళ్లకు లెక్క చేయడం వచ్చు. లెక్క ఎందుకు అలా నడుస్తుందో ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆనర్స్‌కూ మామూలు కోర్సుకూ ఉన్న తేడా మొత్తం ఈ ఒక్క ‘కె’లో ఉందంటే అతిశయోక్తి కాదు.

ఇంటర్ చదివిన తల్లిదండ్రులకు ఇది ఎందుకు మింగుడుపడదో అర్థం చేసుకోవచ్చు. చాలా ఏళ్ల పాటు మ్యాథ్స్ 1ఏ, 1బి పేపర్లు ఒకే అచ్చులో వచ్చాయి. రెండేసి మార్కులవి పది, నాలుగేసి మార్కులవి ఏడింటిలో ఐదు, ఏడేసి మార్కులవి ఏడింటిలో ఐదు, మొత్తం 75. మ్యాథమెటికల్ ఇండక్షన్ నుంచి ఒక ఏడు మార్కుల ప్రశ్న ఖాయమని ప్రతి కాలేజీలోనూ చెప్పేవాళ్లు. ఏ చాప్టర్ నుంచి ఏ ప్రశ్న వస్తుందో తెలుసు, అవి బాగా చేతికి అలవాటు చేసుకోవాలి. ఏడాదంతా ఎలా ఉన్నా ఆఖరి రెండు నెలలు గట్టిగా కూర్చుంటే మార్కులు లాగేయొచ్చు. స్పాట్ వాల్యుయేషన్‌లో పేపర్ దిద్దే లెక్చరర్‌కు ఆ విద్యార్థి ఎవరో తెలియదు. అందులో ఒక న్యాయం ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. ముఖం చూసి మార్కు వేయడం అక్కడ కుదరదు. ఆనర్స్ క్లాసులో టీచర్‌కు పిల్ల ముఖం తెలుసు, చేతిరాత తెలుసు, నిన్న క్లాసులో ఏం అడిగిందో తెలుసు. అందువల్ల కలిగే మేలూ ఉంది, ఒక టీచర్ నుంచి ఇంకో టీచర్‌కు గ్రేడ్ మారిపోయే ప్రమాదమూ ఉంది. ఒకే స్కూల్లో రెండో పీరియడ్ టీచర్ దగ్గర 87 వచ్చిన పనికి, ఆరో పీరియడ్ టీచర్ దగ్గర 92 రావచ్చు. మంచి స్కూళ్లలో ఒకే కోర్సు చెప్పే టీచర్లంతా ఒకే పేపర్ పెట్టి, దిద్దే పద్ధతి ముందే మాట్లాడుకుంటారు. స్కూలును అడగదగ్గ ప్రశ్నల్లో ఇది ముందు వరసలో ఉండాలి, ఎవరూ అడగరు.

‘చివర్లో లాగేద్దాం’ అన్న అలవాటు ఇక్కడ ఎందుకు పనిచేయదో లెక్కే చెబుతుంది. సెమిస్టర్ పనికి 80 శాతం, ఫైనల్‌కు 20 శాతం ఉన్న స్కూలు అనుకుందాం. డిసెంబర్‌లో 85.1తో ఫైనల్‌కు వెళ్లిన అమ్మాయి దగ్గర అప్పటికే 68.08 ఉంది. 90 కావాలంటే ఫైనల్ నుంచి 21.92 రావాలి. ఫైనల్ ఇవ్వగలిగింది మొత్తం 20. నూటికి నూరు తెచ్చుకున్నా 88 దగ్గర ఆగిపోతుంది. అటు ఫైనల్‌లో 60 వచ్చినా 80 నిలుస్తుంది, బి ఎక్కడికీ పోదు. అంటే ఆ పరీక్షలో 60 తెచ్చుకున్నా, 100 తెచ్చుకున్నా రిపోర్టు కార్డు మీద పడేది అదే అక్షరం. ఈ సంగతి తెలియక క్రిస్మస్ సెలవుల ముందు రెండు వారాలు ఇల్లంతా టెన్షన్‌తో గడుపుతారు. గ్రేడ్ తేలిపోయింది అంతకు ముందే, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో.

ఆ 81 ఎలా వచ్చిందో కూడా చూడాలి. నాలుగు టెస్టుల్లో 68, 80, 86, 90 వచ్చాయనుకుంటే సగటు 81. వరుస చూస్తే ఈ అమ్మాయి ప్రతి టెస్టుకూ మెరుగవుతోంది. ఆఖరి టెస్టు నాటికి ‘ఏ’ గ్రేడ్ స్థాయికి చేరింది. అయినా సగటు ఆమెను మొదటి నెల దగ్గరే కట్టేసింది. ఇక్కడ గ్రేడింగ్ పద్ధతిలో నిజమైన లోపం ఉంది. నేర్చుకోవడం ఆలస్యమైనందుకు శిక్ష వేసి, చివరికి నేర్చుకున్నదానికి విలువ తగ్గించడం చదువు చెప్పే పద్ధతి కాదు. చాలా స్కూళ్లు రీటేక్, అంటే టెస్టు మళ్లీ రాసే అవకాశం, పెట్టింది ఇందుకే. కాకపోతే దానికీ ఒక పరిమితి పెడతారు. ఎంత బాగా రాసినా 80కి మించి ఇవ్వం అన్నది తరచూ కనిపించే నియమం. అలా 68 కాస్తా 80 అయితే టెస్టుల సగటు 84కు, మొత్తం గ్రేడ్ 87.2కు వస్తుంది. ఇంకా బి దగ్గరే. ఇంకొన్నిచోట్ల తప్పులు దిద్దుకుని, ఎందుకు తప్పు చేశామో రాసిస్తే పోయిన పాయింట్లలో సగం వెనక్కి ఇస్తారు. ఈ రెండో పద్ధతే మేలు. తన తప్పును తనే మాటల్లో వివరించిన పిల్ల దాన్ని మళ్లీ చేయడం అరుదు. సున్నాకు బదులు కనీసం 50 ఇవ్వాలన్న నియమం మీద కూడా చాలా జిల్లాల్లో వాదనలు నడుస్తున్నాయి. అది ఆనర్స్ పిల్లలను పెద్దగా తాకదు. వాళ్ల గొడవంతా 88కీ 90కీ మధ్య.

క్లాసు నడిచే తీరు గురించి రెండు మాటలు. కొన్ని స్కూళ్లలో రోజూ 45, 50 నిమిషాల పీరియడ్, కొన్నింటిలో రోజు విడిచి రోజు 90 నిమిషాలు. వెళ్లగానే బోర్డు మీద ఒక చిన్న లెక్క, తర్వాత పాఠం, ఆ తర్వాత ముగ్గురు నలుగురు కూర్చుని కలిసి చేయడం. ఆనర్స్‌లో మారేది పాఠాల జాబితా కంటే వేగం. మామూలు క్లాసు మూడు రోజులు తీసుకునే చోట ఇక్కడ రెండు రోజులు. మిగిలిన సమయం రుజువులకు, ‘కె’ లాంటి ప్రశ్నలకు పోతుంది. జామెట్రీలో ఇది బాగా కనిపిస్తుంది. సమద్విబాహు త్రిభుజంలో భూకోణాలు సమానమని బొమ్మ చూస్తేనే తెలుస్తుంది. ‘తెలుస్తుంది’ అనేది రుజువు కాదని, ఎడమవైపు వాక్యం, కుడివైపు దానికి కారణం రాయాలని పద్నాలుగేళ్ల పిల్లలకు అక్కడ మొదటిసారి నేర్పుతారు. ఆరో తరగతి నుంచి శనివారం కోచింగ్‌లో వేగం పెంచుకున్న పిల్లలు జామెట్రీలో ఒక్కసారిగా వెనకబడితే కారణం ఇదే. వేగం అక్కడ అక్కరకు రాదు.

ఈ కోర్సులోకి ఎవరు వెళ్లాలన్నదీ జిల్లా చేతిలో ఉంటుంది. ముందు సంవత్సరం గ్రేడ్, టీచర్ సిఫారసు, కొన్నిచోట్ల ఒక అర్హత పరీక్ష చూస్తారు. అసలు పోటీ అంతకు ముందే మొదలవుతుంది. ఎనిమిదో తరగతిలోనే ఆల్జీబ్రా 1 అయిపోతే పన్నెండుకు కాల్క్యులస్ చేరవచ్చు. శాన్ ఫ్రాన్సిస్కోలో 2014లో ఎనిమిదో తరగతి నుంచి ఆల్జీబ్రా తీసేశారు, పిల్లలందరూ కలిసి చదవాలన్న ఉద్దేశంతో. పదేళ్ల వాదన తర్వాత 2024లో దాన్ని వెనక్కి తేవాలని నిర్ణయించారు. ఉద్దేశం మంచిదే. అయితే స్థోమత ఉన్న కుటుంబాలు బయట డబ్బు కట్టి ఆల్జీబ్రా చదివించుకోగలవు, లేని కుటుంబాల పిల్లలకు స్కూలు తప్ప వేరే దారి ఉండదు.

ఇక లేబుల్ విలువ. ఆనర్స్‌లో వచ్చిన బి, మామూలు కోర్సులో వచ్చిన ‘ఏ’ కంటే మేలా అని అందరూ అడుగుతారు. దీనికి ఉన్న ఊరిని బట్టే జవాబు. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఆనర్స్ కోర్సుకు జీపీఏలో (గ్రేడ్లన్నిటినీ అంకెలుగా మార్చి తీసే సగటులో) 0.5, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్‌కు 1 అదనంగా కలుపుతారు. అలా ఆనర్స్‌లో బి వస్తే 3.5, మామూలు కోర్సులో ‘ఏ’ వస్తే 4. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అయితే జీపీఏను తన పద్ధతిలో మళ్లీ లెక్క వేసుకుంటుంది. తొమ్మిదో తరగతి గ్రేడ్లను అందులో కలపదు. అదనపు పాయింటు తాను ఆమోదించిన ఆనర్స్ కోర్సులకే, అదీ ఎనిమిది సెమిస్టర్లకు మించకుండా, వాటిలో పదో తరగతివి నాలుగు దాటకుండా ఇస్తుంది. అంటే తొమ్మిదిలో చదివిన ఆనర్స్ జామెట్రీ ఆ లెక్కలో ఒక్క పాయింటూ తేదు. టెక్సాస్ కథ వేరు. అక్కడ 1997 నాటి చట్టం ప్రకారం క్లాసులో పై ర్యాంకుల్లో ఉన్నవాళ్లకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా సీటు దొరుకుతుంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ 2026లో చేరేవాళ్లకు దాన్ని పై 5 శాతానికి కుదించింది. ర్యాంకు లెక్కలో ఈ అదనపు పాయింట్లు కలిసే స్కూళ్లలో ఒక్క ఆనర్స్ కోర్సు కూడా ర్యాంకును అటూ ఇటూ చేయగలదు. ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు తెలుగు కుటుంబాల్లో కనిపించే ఆత్రుతకు ఈ చట్టం కూడా ఒక కారణం. కాలిఫోర్నియాలోని బే ఏరియాలో ఉన్నవాళ్లు అదే ఆత్రుత తెచ్చుకోవడానికి అంత ఆధారం లేదు.

కోర్సు మరీ భారమైతే మామూలు లెవెల్‌కు మారే వీలు ఉంటుంది, దానికి ఒక గడువు ఉంటుంది. గడువులోపు మారితే ట్రాన్స్‌క్రిప్టులో (కాలేజీలు చూసే గ్రేడ్ల పత్రంలో) జాడ మిగలదు, దాటితే స్కూలును బట్టి ‘డబ్ల్యూ’ (కోర్సు మధ్యలో వదిలేసిన గుర్తు) పడవచ్చు. అప్పటిదాకా వచ్చిన మార్కులు కొత్త క్లాసుకు యథాతథంగా వస్తాయా, సర్దుబాటు చేస్తారా అన్నది స్కూలు కౌన్సిలర్‌ను ముందే అడిగి తెలుసుకోవాలి. మొదటి టెస్టులో 68 చూసి భయపడి ఆ వారమే మార్చేయడం తొందరపాటు. రెండో టెస్టు వచ్చేదాకా ఆగితే దిశ తెలుస్తుంది.

ఈలోపు చేయదగ్గ పని ఒకటుంది, అది పోర్టల్‌లో కనిపించదు. చాలా స్కూళ్లలో మ్యాథ్ టెస్టు పేపర్ ఇంటికి రాదు, ప్రశ్నలు బయటికి పోకుండా టీచర్ తన దగ్గరే ఉంచుకుంటారు. ఇంట్లోవాళ్లకు కనిపించేది అంకె మాత్రమే. పేపర్ చూడాలంటే బడి అయ్యాక గానీ లంచ్ సమయంలో గానీ టీచర్ గదికి పిల్లలే వెళ్లాలి. అక్కడ పదిహేను నిమిషాలు కూర్చుంటే ఆ అమ్మాయికి తన 68 కనిపిస్తుంది: ‘3, −1’ అని రాసి గీత గీసిన చోటు, దాని పక్కన టీచర్ ఎర్ర పెన్నుతో పెట్టిన చిన్న ప్రశ్న గుర్తు, ఆ కింద తను రాయకుండా వదిలేసిన ఖాళీ జాగా.